అతుకుల బొంత మొదటి ఉతుకుకే విడిపోయింది, చేతికుట్టు నిజంగా నిలవదా?

పీలికలపెట్టె
మూడు నెలలు, రోజూ రాత్రి పాప పడుకున్నాక కూర్చుని కుట్టిన బొంత మొదటిసారి ఉతకగానే పాడైపోయింది. పాత చొక్కాలు, పాపకి పొట్టివైపోయిన గౌన్లు, ఒక జీన్స్, రెండు అరిగిన దుప్పట్లు అన్నీ కత్తిరించి ఐదంగుళాల చదరాలు చేశాను. అడ్డంగా 8, నిలువుగా 10, మొత్తం 80 ముక్కలు. కుట్టుకి పోగా ఒక్కో ముక్క నాలుగున్నర అంగుళాలు తేలింది, బొంత 36 అంగుళాల వెడల్పు, 45 అంగుళాల పొడవు వచ్చింది. అంతా చేత్తోనే, ఇంట్లో మిషన్ లేదు. ఇప్పుడు చూస్తే పది పన్నెండు చోట్ల అతుకులు విడిపోయాయి, ఒక ఎర్ర ముక్క రంగు దిగి చుట్టూ ఉన్న తెల్ల ముక్కలు గులాబీ రంగుకి తిరిగాయి, మధ్యలో పొంగింది, అంచులేమో అలలు అలలుగా ఉన్నాయి. "చేతికుట్టు ఇంతే, మిషన్ కొనుక్కో" అంటున్నారు ఇంట్లో. దీని తర్వాత పాపకి చేత్తోనే గౌను కుడదామనుకున్నాను, పాపకి రెండేళ్లు. ఇప్పుడు కత్తెర పట్టుకోవాలంటేనే టెన్షన్‌గా ఉంది. నిజంగా చేతికుట్టు నిలవదా, నేనే ఎక్కడైనా తప్పు చేశానా?

నూలుండ
ఒకటి చూసి చెప్పండి. విడిపోయిన చోట తెగింది దారమా, చిరిగింది గుడ్డా? రెండూ వేర్వేరు జబ్బులు.

గుండీ
అదంతా తర్వాత. బొంత ఇంకా తడిగానే ఉందా? ఉంటే ఆరేయకండి! పెద్ద తొట్టిలో నిండా వేడి నీళ్లు పోసి, కొంచెం సబ్బుపొడి కలిపి, బొంత మొత్తం మునిగేలా నానబెట్టండి. రుద్దొద్దు. నీళ్లు ఎర్రబడితే పారబోసి మళ్లీ కొత్త నీళ్లు, తేటగా వచ్చేదాకా అదే పని. దిగిన రంగు ఆరిపోయాక వదిలించడం చాలా కష్టం, తడిగా ఉన్నంతసేపూ ఆశ ఉంటుంది.

పీలికలపెట్టె
@గుండీ ఇంకా తడిగానే ఉందండీ, చూడబుద్ధి కాక బకెట్లోనే వదిలేశాను. ఇప్పుడే నానబెడతాను.
@నూలుండ దగ్గర పెట్టుకుని చూశాను. దారం తెగింది మూడు నాలుగు చోట్లే. మిగతా చోట్ల దారం అలాగే ఉంది, దాని పక్కన గుడ్డే పీచులు పీచులుగా వచ్చేసింది. దుప్పటి ముక్కలు, ఒక పాత చొక్కా ముక్కలు మరీ ఘోరం.

నూలుండ
అయితే ఇంట్లో వాళ్లకి చెప్పండి, నిలవనిది మీ కుట్టు కాదు, ఆ గుడ్డ. మిషన్ మీద కుట్టినా అక్కడే చిరిగేది, ఇంకా ముందే చిరిగేదేమో కూడా, ఎందుకంటే అరిగిన గుడ్డని మిషన్ సూది దగ్గరదగ్గరగా పొడిస్తే చిల్లుల వరసలాగా తయారవుతుంది.

పాత గుడ్డ కోసే ముందు రెండు పరీక్షలు. కిటికీకి ఎదురుగా పట్టుకుని చూడాలి, వెలుతురు ఒకచోట ఎక్కువ ఒకచోట తక్కువ దూరి వస్తుంటే పల్చగా ఉన్నచోటు వదిలేయాలి. దుప్పటి అయితే ఎప్పుడూ మధ్యభాగమే అరుగుతుంది, మనిషి పడుకునే చోటు కదా, అంచుల వైపు గుడ్డ గట్టిగా ఉంటుంది. చొక్కాకి మోచేతుల దగ్గర, మెడ దగ్గర, చంకల దగ్గర అరుగుతుంది, వీపు భాగం బాగుంటుంది. రెండో పరీక్ష, రెండు బొటనవేళ్లు పక్కపక్కన పెట్టి గుడ్డని గట్టిగా విడదీసినట్టు లాగాలి, నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి. చిరుగుతున్న చప్పుడు వచ్చినా, దారాలు జరిగి సందు కనపడినా ఆ గుడ్డ బొంతకి వద్దు. నేను ఈ పరీక్ష పెట్టకుండా ఒక్క ముక్క కూడా పెట్టెలో వేయను. మనసుకి దగ్గరైన గుడ్డ అరిగిపోయి ఉంటే దాని వెనక ఇంకో పల్చటి గట్టి గుడ్డ పెట్టి, రెండూ కలిపి ఒకే ముక్కగా కోసుకుంటాను.

కత్తెరపిట్ట
జీన్స్ సంగతి ఎవరూ అనలేదు. జీన్స్ ముక్క పక్కన పల్చటి చొక్కా ముక్క కుడితే తడిసినప్పుడు జీన్స్ బరువంతా పల్చటి దాని మీదే పడుతుంది. నా మొదటి బొంతలో సరిగ్గా జీన్స్ చుట్టూతానే చిరిగింది. జీన్స్ ముక్కలన్నీ దాచి జీన్స్‌తోనే ఒక బొంత కుట్టండి, కింద పరుచుకోవడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. దాన్ని చేత్తో కుట్టాలంటే మాత్రం వేళ్లకి పరీక్షే, వేలికి తొడుక్కునే అంగుస్తాను లేకుండా మొదలుపెట్టకండి.

సన్నసూది
నూలుండ గారు చెప్పింది సగమే. మూడు నాలుగు చోట్ల దారం కూడా తెగిందన్నారు కదా. ముక్కకీ ముక్కకీ అతుకు వేసేటప్పుడు ఉత్త ముందుకుట్టేనా (సూది పైకీ కిందికీ దూరుస్తూ వరసగా పోయేది) వేశారు? అంగుళానికి ఎన్ని?

పీలికలపెట్టె
ఉత్త ముందుకుట్టే. లెక్కపెడితే అంగుళానికి నాలుగైదు ఉన్నాయి. దారం ఒక్క పోగే.

సన్నసూది
అదీ సంగతి. అతుకుకి అంగుళానికి 8 నుంచి 10 పడాలి. కష్టం అనిపిస్తుంది, సూది మారిస్తే కష్టం ఉండదు. చేతికుట్టు సూదుల్లో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది, 9 గానీ 10 గానీ తీసుకోండి. లావు సూదితో చిన్న కుట్టు రాదు. నాలుగైదు కుట్లకి ఒకసారి ఒక వెనక కుట్టు (సూదిని ఒక కుట్టు వెనక్కి దింపి ముందుకి తీసేది) వేసి ముందుకి పోతే, ఒకచోట దారం తెగినా అతుకంతా విప్పుకుపోదు, అక్కడికక్కడే ఆగుతుంది. దారం మూరెడు, అంటే 18 అంగుళాలు మించొద్దు. పొడుగు దారం తీసుకుంటే మాటిమాటికీ ఎక్కించే పని తప్పుతుంది నిజమే కానీ ముడిపడుతుంది, గుడ్డలోంచి వందసార్లు దూరి దూరి అరిగిపోతుంది. కొస దగ్గర తెగిన కుట్లు చాలామటుకు ఇలా అరిగిన దారంవే.

రెండోజేబు
రంగు సంగతికి వస్తే, ముందే ఉప్పు నీళ్లలో నానబెట్టి ఉంటే ఈ గొడవే ఉండేది కాదు. కొందరు వెనిగర్ కూడా వేస్తారు.

గుండీ
ఉప్పు రంగు వేసేటప్పుడు పనికొస్తుంది, రంగు నూలులోకి ఎక్కడానికి. రంగు వేయడం అయిపోయిన గుడ్డలో వదులుగా మిగిలిన రంగుని ఉప్పు పట్టి ఉంచలేదు. వెనిగర్ పని చేసేది ఉన్ని, పట్టు లాంటి వాటికి వాడే రంగులతో, అదీ రంగు వేసే దశలో. నూలు గుడ్డకి దాంతో లాభం లేదు. వదులు రంగుని ఉతికి ఉతికి బయటికి పంపడమే.

రెండోజేబు
నేను ఎన్నో ఏళ్లుగా ఉప్పే వేస్తున్నాను, ఒక్క బొంత కూడా రంగు దిగలేదండీ. అనుభవం మీద చెప్తున్నాను.

గుండీ
మీ అనుభవాన్ని కాదనను, కానీ ఆ గుడ్డలు ఉప్పు వేయకపోయినా దిగేవి కావేమో కదా? ఒకే ఎర్ర గుడ్డలోంచి రెండు ముక్కలు కోసి, ఒకటి ఉప్పు నీళ్లలో, ఒకటి మామూలు నీళ్లలో నానబెట్టి, తర్వాత రెండింటినీ తడి తెల్లగుడ్డలో చుట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున చూసి ఇక్కడ చెప్పండి. ఎరుపు, ముదురు నీలం, నలుపు ఏది వచ్చినా నేను ఈ తెల్లగుడ్డ పరీక్ష పెడతాను. మూడు ఉతుకుల తర్వాత కూడా దిగుతుంటే అది బొంతలోకి రాదు, ఎంత అందంగా ఉన్నా సరే.

రెండోజేబు
సరే, చేసి చూస్తాను.

గళ్ళచొక్కా
కొత్త గుడ్డ కలిపినా ఇబ్బందే. నూలు గుడ్డ మొదటి ఉతుకులో నూటికి మూడు నుంచి ఐదు వంతుల దాకా కుంచించుకుపోవచ్చు. పాత గుడ్డ ఎప్పుడో కుంచించుకుని కూర్చుంది. పక్కపక్కన కుడితే ఉతికాక కొత్తది లాగుతుంది, పాతది ముడతలు పడుతుంది. ఈ పొంగు అందువల్ల కూడా కావచ్చు. కొత్తదాన్ని ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసి, అప్పుడే కోయాలి.

పీలికలపెట్టె
కొత్తవి లేవండీ, అన్నీ పాతవే. లోపలి పొర మాత్రం కొత్త నూలు గుడ్డ తెచ్చి వేశాను, ఉతకలేదు.

గళ్ళచొక్కా
దొరికింది! లోపలిది కుంచించుకుంటే పైది పొంగక ఏం చేస్తుంది.

నెమలిరంగు
మధ్యలో పొంగు, అంచుల్లో అలలు రెండూ ఒకేసారి వచ్చాయంటే మూడు పొరలు కలిపేటప్పుడు కచ్చాకుట్టు (పొరలు జరగకుండా తాత్కాలికంగా వేసే పొడుగు కుట్టు) సరిగ్గా పడలేదనిపిస్తోంది. నేల మీద అడుగు గుడ్డ లాగి పరిచి అంచులు టేపుతో అంటించి, దాని మీద లోపలి పొర, దాని మీద అతుకుల గుడ్డ పరిచి, బెత్తెడు బెత్తెడు దూరంలో అడ్డంగా నిలువుగా కచ్చాకుట్టు వేయాలి. ఆ తర్వాత అసలు కుట్టు ఎప్పుడూ మధ్యలోంచి మొదలుపెట్టి అంచులకి పోవాలి. అంచు నుంచి మధ్యకి వస్తే మిగిలిన గుడ్డంతా మధ్యలో పోగుపడుతుంది, మీకు జరిగింది అదే.

కత్తెరపిట్ట
అంచు నుంచి మధ్యకి కుట్టడం తప్పేమీ కాదు. కర్ణాటకలో సిద్ది తెగ మహిళలు కుట్టే కవండి బొంతలు అలాగే కుడతారు. అంచు దగ్గర మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ లోపలికి వస్తారు, ఎంత చక్కగా పరుచుకుంటాయో.

నెమలిరంగు
అది వేరు కదా. వాళ్లు పైముక్కలన్నీ ముందే అతికి పెట్టుకోరు. అడుగు గుడ్డ మీద ఒక్కో ముక్క పెట్టి అంచు మడుచుకుంటూ, అతుకూ, పొరలన్నీ కలిపే బొంతకుట్టూ ఒకేసారి వేసుకుంటూ పోతారు. గుడ్డ ఎక్కడ మిగిలితే అక్కడ తర్వాతి ముక్కతో సర్దుకుంటుంది. 80 ముక్కలు ముందే అతికేసిన పైగుడ్డకి ఆ సర్దుబాటు ఉండదు, కాబట్టి మధ్యలోంచే రావాలి.

కత్తెరపిట్ట
ఒప్పుకుంటున్నాను. కానీ మొదటి బొంత కుట్టేవాళ్లకి ఆ పద్ధతే తేలికని నా అభిప్రాయం. కొలత పట్టీ అక్కర్లేదు, చదరాలు అక్కర్లేదు, ఏ ముక్క ఎలా ఉంటే అలా పెట్టుకోవచ్చు. మూలలు కలవలేదని బాధ లేదు.

నూలుండ
మూలలు కలవడానికి ఒక చిట్కా ఉంది, పక్కపక్క వరసల్లో కుట్టు మడతలు ఒకదానికి ఎడమకి, ఒకదానికి కుడికి ఇస్త్రీ చేస్తే రెండు వరసలు కలిపేటప్పుడు మడతలు ఒకదానికొకటి ఆనుకుని లాక్ అయినట్టు కూర్చుంటాయి. వేలితో తడిమితే తెలుస్తుంది.

పచ్చరిబ్బను
చదరాలు కోసేటప్పుడు గుడ్డ దారం వాటం చూశారా? అందరూ మర్చిపోయేది ఇదే. పడుగు (నిలువు దారాల) వాటంగా లాగితే గుడ్డ దాదాపు సాగదు, పేక (అడ్డ దారాల) వాటంగా కొంచెం సాగుతుంది, క్రాసుగా, అంటే ఏటవాలుగా లాగితే రబ్బరులా సాగుతుంది. చొక్కా చేతుల్లోంచి ముక్క మిగిలింది కదా అని ఏటవాలుగా కోస్తే, ఆ ముక్క అంచు కుట్టేటప్పుడే సాగిపోయి అలలు వస్తాయి. బొంత చివర వరసల్లో క్రాసు ముక్కలు అసలు పెట్టకండి. అన్నీ క్రాసు పీలికలే మిగిలితే పాత కాగితం మీద వాటిని ఒకదాని పక్కన ఒకటి పెట్టి కాగితంతో సహా కుట్టేసి, చదరంగా కోసి, చివర్లో కాగితం చింపేస్తే సరి. కాగితం పట్టుకుని ఉంటుంది కాబట్టి సాగదు. అరంగుళం వెడల్పున్న పీలికలు కూడా ఇలా వాడేయొచ్చు, ఏదీ పారేయక్కర్లేదు.

కుడిచేయి
రంగుల గురించి ఎవరూ మాట్లాడరేం. ఏ ముక్క పక్కన ఏది పెట్టాలో తెలియక నేను నెల రోజులు కుట్టకుండా ఆపేశాను.

నెమలిరంగు
అన్నీ నేల మీద పరిచి ఫోన్‌లో నలుపు తెలుపు ఫోటో తీయండి. రంగు పోయి ముదురు, మధ్యస్థం, లేత మాత్రమే కనపడతాయి. ముదురువన్నీ ఒకే మూల చేరితే వెంటనే తెలిసిపోతుంది. ఎరుపు ఆకుపచ్చ పక్కపక్కన కంటికి వేరుగా ఉన్నా ఫోటోలో ఒకేలా కనిపించొచ్చు, అలాంటివి విడదీయండి.

కత్తెరపిట్ట
సంచిలో చెయ్యి పెట్టి ఏది వస్తే అది కుట్టేయండి. ఒకే రంగు రెండు పక్కపక్కన వస్తే ఒక్కటి మార్చండి. నా బొంతలన్నీ అంతే, పిల్లలు వాటి మీద పడుకుని "ఇది నాన్న చొక్కా, ఇది నా లాగు" అని వేలు పెట్టి చూపించుకుంటారు. వాళ్లకి కావలసింది అదే.

పీలికలపెట్టె
మా పాప కూడా అంతే! ఎర్ర ముక్క మీదే చెంప ఆనించి పడుకునేది. దాన్ని తీసేయాలంటే బాధగా ఉంది. పైగా పక్కింట్లో నెల రోజుల బాబున్నాడు, వాడికీ ఒక బొంత కుట్టి ఇద్దామనుకున్నాను. గౌను సంగతి కూడా చెప్పండి. మెడ, చేతులు, గుండీలు అంటేనే భయం, కాజాలు నాకు రావు.

గళ్ళచొక్కా
కాజాలు కుట్టకండి. పెద్దవాళ్ల చొక్కాలోనే ఉన్నాయి కదా! నేను మా అమ్మాయికి ఐదు గౌన్లు ఇలా కుట్టాను. చొక్కా గుండీలన్నీ పెట్టి నేల మీద పరవండి. పాపకి ఇప్పుడు సరిపోయే గౌను ఒకటి తీసుకుని దాన్ని మధ్యకి మడిచి పాత పేపరు మీద పెట్టి గీసుకుని, మడత వైపు తప్ప చుట్టూ అరంగుళం కుట్టుకి వదిలి కోయండి, అదే మీ నమూనా. ఆ నమూనాని చొక్కా మీద పెట్టేటప్పుడు గుండీల పట్టీ సరిగ్గా గౌను వీపు మధ్యలోకి వచ్చేలా పెట్టుకోండి. కాజాలూ గుండీలూ తయారుగా వచ్చేస్తాయి. చొక్కా కింది మడతని గౌను కింది అంచుగా వాడితే ఆ కుట్టు కూడా తప్పుతుంది. చొక్కా జేబు బాగుంటే అది విప్పి గౌను ముందువైపు కుట్టండి. చంకల నుంచి చంకలకి చుట్టూ కొలత తీసుకుని దానికి రెండు మూడు అంగుళాలు వదులు ఉందో లేదో చూసుకోండి, నేత గుడ్డ బనియను గుడ్డలా సాగదు.

సన్నసూది
మెడ కొలిచేటప్పుడు మెడ ఒక్కటే కొలవకండి, తల కొలవండి. రెండేళ్ల పిల్లల తల చుట్టుకొలత దాదాపు 48 సెంటీమీటర్లు ఉంటుంది, మెడ అందులో సగమే. వీపు మీద గుండీల తెరుపు లేకపోతే తల పట్టదు. నేను ఒకసారి మెడ అందంగా, ఒంటికి పట్టినట్టు కుట్టాను, మా అబ్బాయి తల అందులో ఇరుక్కుని వాడు ఏడుపు, నేను కంగారు. చివరికి కత్తెరతో కోసి తీశాను.

లోపలి కుట్లు పిల్లలకి గుచ్చుకుంటాయి, అందుకని ఫ్రెంచ్ సీమ్ వేయండి. మొదట మంచివైపు బయటికి ఉండేలా రెండు ముక్కలు కలిపి పావంగుళంలో కుట్టి, అంచు సగానికి కత్తిరించి, తిప్పేసి, మళ్లీ పావంగుళం కన్నా కొంచెం ఎక్కువలో కుట్టాలి. పీచులన్నీ లోపల దాక్కుంటాయి. రెండు కుట్లు పడతాయి కాబట్టి గట్టిదనం కూడా ఎక్కువ. చంక దగ్గర, లాగు అయితే కాళ్ల మధ్య, మొత్తం వెనక కుట్టే వేయండి, ముందుకుట్టు పనికిరాదు. పిల్లలు గొంతుక్కూర్చుంటారు, పాకుతారు, బలమంతా అక్కడే పడుతుంది.

పచ్చరిబ్బను
మెడకీ చంకలకీ క్రాసు పట్టీ వేయాలి, పట్టీ ఒకటిన్నర అంగుళం వెడల్పు. ఇందాక క్రాసు సాగుతుందని తిట్టాను కదా, ఇక్కడ ఆ సాగడమే కావాలి, గుండ్రటి మెడ చుట్టూ ముడత పడకుండా తిరుగుతుంది.

గుండీ
రెండు జాగ్రత్తలు నా తరఫున. గుండీలు పాత చొక్కావే అయినా దారం విప్పి మళ్లీ గట్టిగా కుట్టండి, కుట్టాక వేలితో పట్టి లాగి చూడండి, పిల్లల నోట్లోకి పోయేవి అవే. మెడ దగ్గర తాడు పెట్టి ముడి వేసే గౌను వద్దు. యూరప్‌లో ఈఎన్ 14682 అనే ప్రమాణం ఉంది, ఏడేళ్ల లోపు పిల్లల బట్టలకి తల దగ్గరా మెడ దగ్గరా తాళ్లు ఉండకూడదంటుంది, ఏదో ఒకదానికి తగులుకుని బిగుసుకుంటాయని.

అన్నట్టు బొంత మీ పాపకి కాబట్టి ఫరవాలేదు. పక్కింటి బాబుకి మాత్రం వాడు నిద్రపోయే చోట బొంత వేయొద్దని చెప్పి ఇవ్వండి. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ అనే పిల్లల డాక్టర్ల సంఘం మొదటి ఏడాది అంతా పడక మీద వదులుగా ఉండే దుప్పట్లు, బొంతలు, దిండ్లు వద్దనే చెప్తుంది. నేల మీద పరిచి, మనం పక్కన ఉండగా, బోర్లా పడుకోబెట్టి ఆడించడానికి ఇవ్వండి.

కుడిచేయి
ఇంత చేత్తో కుట్టే బదులు మిషన్ ఉంటే గంటలో అయిపోతుంది కదా. నేను చేతికుట్టుకి వ్యతిరేకం కాదు, బట్టలకి మిషన్, బొంతకి చేయి, అలా పంచుకుంటే ఏం?

సన్నసూది
మిషన్ ఉన్నవాళ్లు వాడుకోవచ్చు, తప్పేముంది. ఈవిడకి లేదు, ఆ మాట మొదటి పోస్టులోనే రాశారు. చేతికుట్టు చిన్న సంచిలో పట్టుకుని ఎక్కడికైనా వెళ్లొచ్చు, పాప నిద్ర లేవకుండా పక్కనే కూర్చుని కుట్టొచ్చు. రెండేళ్ల పిల్ల గౌను ఎంత, రెండు పక్క కుట్లు, రెండు భుజాలు, ఒక మెడ. నాకు నాలుగు సాయంత్రాలు పడుతుంది.

రెండోజేబు
@గుండీ పరీక్ష చేశాను. రెండు తెల్లగుడ్డలకీ ఒకేలా ఎరుపు అంటింది. ఉప్పు వేసిన దానికి పిసరంత తక్కువేమో అని వెలుతురులో పెట్టి మరీ చూశాను, తేడా లేదు. ఇన్నేళ్లూ ఉప్పు దండగ చేశాను.

గుండీ
చేసి చూసి నిజం చెప్పినందుకు మీకు నా తరఫున దండం.

పీలికలపెట్టె
నాలుగుసార్లు నీళ్లు మార్చాను, ఐదోసారి తేటగా వచ్చింది. తెల్ల ముక్కల్లో ఎక్కువశాతం మళ్లీ తెల్లబడ్డాయి, రెండింటికి మాత్రం లేత గులాబీ మిగిలింది. చిరిగిన దుప్పటి ముక్కల్ని ఏం చేయాలి? మొత్తం విప్పాలా?

నూలుండ
విప్పకండి! చిరిగిన ముక్క మీదే కొత్త చదరం పెట్టండి. ఐదంగుళాల ముక్క తీసుకుని నాలుగు వైపులా పావంగుళం లోపలికి మడిచి ఇస్త్రీ చేసి, సరిగ్గా పాత ముక్క మీద కూర్చోబెట్టి, మడత అంచుని చిన్న చిన్న కుట్లతో కుట్టేయండి. కింద ఉన్నది అలాగే ఉండనివ్వండి, అదనపు పొరలా పనికొస్తుంది. అతుకు మాత్రమే విడిపోయి గుడ్డ బాగున్నచోట రెండు అంచులూ లోపలికి మడిచి, ఈ మడతలోంచి ఒక కుట్టు, ఆ మడతలోంచి ఒక కుట్టు, నిచ్చెన మెట్లలా వేసి దారం లాగితే కుట్టు కనపడకుండా మూసుకుపోతుంది.

నెమలిరంగు
పొంగిన చోట మీద ఇంకో రెండు మూడు వరసలు ముందుకుట్టు వేయండి, కొంచెం అణుగుతుంది. పూర్తిగా పోదు.

పీలికలపెట్టె
పది రోజుల తర్వాత వస్తున్నాను. పదకొండు ముక్కలు పైన అతికాను, ప్రతి గుడ్డకీ బొటనవేళ్ల పరీక్ష పెట్టాకే. నిన్న మళ్లీ ఉతికాను, ఒక్క అతుకు కూడా కదల్లేదు. పొంగు ఇంకా కొంచెం ఉంది, ఉండనీ. ఎర్ర ముక్క తీయలేదు, దాంట్లోంచి ఇక రంగు దిగడం లేదు. గళ్ళచొక్కా గారు చెప్పినట్టు నీలం గళ్ల చొక్కాలోంచి గౌను కోశాను, పక్క కుట్లు ఫ్రెంచ్ సీమ్ వేశాను, క్రాసు పట్టీ మెడకి రెండుసార్లు విప్పి మూడోసారి కూర్చుంది. చొక్కా జేబు ముందుకి కుట్టాను. పాప వేసుకోగానే అందులో ఒక చెంచా, ఒక క్లిప్పు, నా దారపు రీలు పెట్టుకుని తిరుగుతోంది. రెండో జేబు ఎక్కడ అని అడుగుతోంది.

గళ్ళచొక్కా
జేబు పై రెండు మూలల్లో చిన్న త్రికోణంలా వెనక కుట్టు వేయండి, లేకపోతే ఆ చెంచా బరువుకి వారంలో ఊడుతుంది. రెండో జేబుకి చొక్కా చేతి పట్టీ విప్పితే సరిపోతుంది.